చిప్పులో మా ఆడబిడ్డ

మొన్న జహీరాబాదులో ఒక పెళ్లికి పోతే వంటల దగ్గర ఒక యంత్రం జొన్నరొట్టెలు చేస్తోంది, ఒక కొసన పిండి పోస్తే ఇంకో కొసన కాలిన రొట్టె దిగుతోంది. జనం నోరు తెరుచుకొని చూస్తుంటే నాకు నవ్వొచ్చింది. ఆ పద్ధతి మేము చేతులతో ఎప్పుడో నడిపాం, దాన్ని మా మనవరాలు చిప్పులోకి కూడా ఎక్కించింది. అరవై దాటాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని, తప్పులుంటే మీరే సర్దుకొని చదవండి.

చిరాగ్‌పల్లి దగ్గర బొంబాయి రోడ్డు మీద లారీలు ఆగే హోటళ్లు నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటాయి. అలాంటి ఒక హోటల్లో నేను రొట్టెలు చేసేదాన్ని. పిండి పిసకడం, తట్టడం, పెనం మీద వేయడం, నిప్పుల మీద పొంగించడం అన్నీ నేనే కాబట్టి ఒకటి దిగితే గాని రెండోది మొదలయ్యేది కాదు, డ్రైవర్లు తిట్టుకుంటూ లేచిపోయేవారు. తర్వాత నలుగురు ఆడవాళ్లం వరుసగా కూర్చొని తలా ఒక పని పంచుకున్నాం. ఏ రొట్టె కూడా ముందుకన్నా తొందరగా కాలలేదు, కానీ ఒకదాని వెనక ఒకటి ఆగకుండా దిగేవి. పెనం దగ్గర కూర్చున్న మా ఆడబిడ్డ మాత్రం ముచ్చట పూర్తయితే గాని రొట్టె తిప్పేది కాదు, ఆమె ఆగితే అందరం ఆగాల్సిందే. కసిరితే అలిగేది. చివరికి పక్కన ఇంకో పెనం పెట్టి, ఆమె పనిని రెండుగా చీల్చి ఇద్దరికిచ్చాం.

మా మనవరాలు ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో, ఇతరులు చదవకుండా సమాచారాన్ని కలిపేసి తాళం వేసే పని పెట్టుకుంది. లోపలి అమరికను ఎన్నిసార్లయినా మార్చుకోగల చిప్పు మీద అది చేయాలి. మామూలు కంప్యూటర్ కన్నా వేగంగా చేయకపోతే ఏడాది పోయినట్లేనని వాళ్ల సారు తేల్చేశాడు. పిల్ల అన్నం మానేసింది.

"లోపల ఏం చేస్తది బిడ్డా?"

"ఒక్కో సమాచారం ముక్కను పది రకాలుగ కలుపుతది అమ్మమ్మా. అది బయటికొచ్చినంకనే ఇంకోటి పోతది."

"అంటే ఒక్కదానితోనే అన్ని రొట్టెలు చేపిస్తున్నవ్. లోపల జాగ లేదా?"

"మస్తున్నది. సగం ఖాళీనే."

"మరి పదిమందిని వరుసగ కూసోబెట్టరాదు?"

పిల్ల గబుక్కున లేచి కంప్యూటర్ ముందుకు పోయింది. చిప్పు లోపల పది పనులకు పది గదులు కట్టింది. వేగం పెరిగింది గాని కంప్యూటర్‌ను దాటలేదు. వరుసలో మెల్లగున్నదెవరో వెతకమన్నాను. రెండు రోజులకు వంటింట్లోకి ఉరికొచ్చి, "నీ ఆడబిడ్డ దొరికింది అమ్మమ్మా" అంది. ఆ ఒక్క గదిని రెండుగా చీల్చింది. ఈసారి చిప్పు కంప్యూటర్‌ను దాటేసింది.

కాలేజీలో చూపించే రోజు నన్నూ తీసుకుపోయింది. గోడమీది బొమ్మలో గదులు, నడుమ రెండు చిన్న గదుల మీద తెలుగు అక్షరాలు. అందరి ముందు వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను: ఆడబిడ్డ ఒకటి, ఆడబిడ్డ రెండు. ఇదేమిటని సారు అడిగాడు.

"మా ఆయన అక్క సారూ. పెనం కాడ జర మెల్లగ."

సారు నవ్వి, నవ్వి, సంతకం పెట్టాడు.

ఆడబిడ్డ ఇప్పుడు లేదు. పెళ్లిలో ఆ యంత్రం రొట్టె తిన్నాను, మెత్తగానే ఉంది. వరుస మాదే, ఎక్కడా ఆగడం లేదు. ఆమె ముచ్చట ముగిసేదాకా చేతులు ముడుచుకొని కూర్చునే ఆ కాసేపే అందులో లేదు.