నాంచారమ్మ చెయ్యి

కొల్లేటి ఒడ్డున ఆ ఊళ్ళో ఏ చెరువులో చేపపిల్ల వదిలినా మొదటి దోసిలి నాంచారమ్మదే. ఆమె హస్తవాసి మంచిదని పేరు. చేపపిల్లతో వ్యాను రాగానే "పిన్నిగారండీ, ఒకసారి వచ్చి వెళ్ళండి" అని కబురు పెడతారు. ఆమె కుచ్చెళ్ళు దోపుకుని మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, పిల్లల్ని జారవిడిచి, ఇచ్చిన జాకెట్టు ముక్క పుచ్చుకుని వస్తుంది. అంతకుమించి ఆ పేరు ఆమెకి కూడు పెట్టింది లేదు. పొద్దస్తమానం ఐసుపెట్టెల్లో చేపలు సర్దే బతుకే.

రెండేళ్ళ కిందట, ఏలూరులో ఫోన్ల కొట్లో పనిచేసే చంటి ఏదో కంప్యూటర్ కంపెనీ షేరు కొంటూ, సరదాకి ఆమె చేత ఫోను నొక్కించాడు. షేరు పెరిగింది. ఇంకేం, ఊరు ఊరంతా ఫోన్లు పట్టుకుని ఆమె వాకిట్లో వాలింది. భీమడోలు నుంచి ఒకాయన బస్సెక్కి వచ్చాడు. తాడేపల్లిగూడెం బియ్యం వ్యాపారి భార్య కారులో వచ్చి, చేపల వాసనకి ముక్కు మూసుకుని మరీ నొక్కించుకుంది. ఆ కంపెనీ ఏం చేస్తుందో ఒక్కళ్ళకీ తెలియదు. ఎందుకు పెరుగుతోందని అడిగితే నాంచారమ్మ వేలు చూపిస్తారు.

మొదట్లో ఆమె మురిసిపోయింది, అబద్ధమెందుకు. రానురాను భయం పట్టుకుంది. కొన్నవాళ్ళే తప్ప అమ్మినవాళ్ళు కనపడలేదు. కొంతైనా అమ్ముకోమంటే పక్కింటి రాజ్యం నవ్వింది. "పెరుగుతున్నదాన్ని ఎవరైనా అమ్ముకుంటారాండీ?"

ఈ మాట నాంచారమ్మ ఇదివరకు విన్నదే. తమకీ సొంతంగా చెరువున్న రోజుల్లో మొగుడు పెద్దింటయ్య అన్నాడు, చేప బాగా పెరుగుతోంది, ఇంకొన్నాళ్ళాగి పట్టిద్దామని. ఆగారు. ముసురు పట్టింది, గాలి ఆగిపోయింది. తెల్లారేసరికి చెరువంతా చేపలు ఊపిరాడక నోళ్ళు తెరుచుకుని పైకొచ్చేశాయి. మధ్యాహ్నానికి తెల్లగా తేలాయి. ఆ చెరువులో మొదటి దోసిలి వదిలిందీ ఆమే. ఊరు ముసురుని తిట్టుకుంది గానీ ఆమె చేతిని ఒక్క మాట అనలేదు. పెద్దింటయ్య మాత్రం ఇప్పుడు ఎవరి చెరువుకో కాపలా.

ఇవాళ కూతురు దేవి వచ్చింది. దేవి, అల్లుడు నాగదుర్గారావు లీజు చెరువు మీదే బతుకుతున్నారు.

"లీజు కట్టడానికింకా టైముంది కదమ్మా. ఈలోగా ఆ డబ్బు షేర్లో పెడితే పెరుగుతుంది. ఒక్కసారి నొక్కు."

"అల్లుడుగారికి తెలుసా?"

"పెరిగాక చెప్తాను."

"పెరక్కపోతే? లీజు కట్టకపోతే చెరువు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారే. అప్పుడేం తింటారు? నేన్నొక్కను."

"ఊరందరికీ నొక్కావు. నా దగ్గరికొచ్చేసరికి చెయ్యి రాలేదా?"

"నా చేతిలో ఏమీ లేదే పిచ్చిదానా."

"లేకపోతే ఇంతమందికి ఎలా పెరిగిందమ్మా?"

నాంచారమ్మ లేచి కంచం పెట్టుకుంది. అన్నం తిని, చాప మీద అటు తిరిగి పడుకుంది. బయట మబ్బు కమ్ముకుంది. ఆకు కదలడం లేదు.

కాసేపటికి దేవి మెల్లిగా వచ్చి పక్కన కూర్చుంది. తల్లి చెయ్యి జాగ్రత్తగా ఎత్తి, వేలు ఫోను మీద ఆనించింది. నాంచారమ్మ నిద్రపోవడం లేదు. చెయ్యి లాక్కోవచ్చు. లాక్కుంటే, అందరికీ ఇచ్చిన చెయ్యి కన్నకూతురికి ఇవ్వలేదన్న మాట బతికినన్నాళ్ళూ ఉండిపోతుంది. అంతకన్నా సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటుంది. తన చెయ్యి నిజంగా మంచిదేనేమో అని, ఎక్కడో ఓ మూల, ఆమెకీ ఆశ. కళ్ళు గట్టిగా మూసుకుని పడుకుంది.

దేవి ఆ చేతిని కళ్ళకద్దుకుని లేచి వెళ్ళిపోయింది.

చెరువు దగ్గర్నుంచి వచ్చిన పెద్దింటయ్య గుమ్మంలో తువ్వాలు దులుపుకుంటూ అన్నాడు: "గాలి ఆగిపోయిందే. చేప మేత ముట్టట్లేదు."

నాంచారమ్మ గుప్పిట మూసి, ఆ చేతిని కొంగులో దాచుకుంది.