చుక్కల మాస్టారి నలభై రోజులు

మా బావ కాలేజీలో డేటా పాఠాలు చెప్పేవాడు. పిల్లలు ఆయనకు పెట్టుకున్న పేరు చుక్కల మాస్టారు. గ్రాఫు మీద ఒక్క చుక్క మిగతావాటికి దూరంగా పడితే చాలు, పాఠం ఆపేసి దాని పుట్టుపూర్వోత్తరాలు లాగేవాడు. "నచ్చలేదని చుక్కను చెరిపితే చేతులు విరిచేస్తా" అనేవాడు. అదే కాలేజీలో కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగం నాది. అక్క మొగుడన్న చనువు కొద్దీ "కూరలో ఉప్పు తగ్గినా సగటు కడతావు బావా" అని ఏడిపించేవాణ్ణి. నవ్వేవాడు. నవ్వు సగంలో ఉండగానే దగ్గు అందుకునేది. రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు, ముప్పై ఏళ్లుగా.

పోయిన ఏడాది ఆయన ఎడమ పాదం చల్లబడింది. బొటనవేలు నల్లబడ్డాక గానీ అక్కకు చూపించలేదు, మహానుభావుడు. రక్తనాళాలు మూసుకుపోయాయన్నాడు డాక్టరు. "నలభై రోజులు సిగరెట్టు ముట్టకుండా రండి. కొత్త నాళం వేసి పాదాన్ని నిలబెట్టే ప్రయత్నం చేస్తాను. తాగుతూ ఉంటే వేసింది కూడా మూసుకుపోతుంది. ఇక తీసెయ్యడమే."

బావ దాన్ని కూడా పాఠం చేశాడు. క్లాసులో పది కుర్చీలు వేయించాడు.

"పొగ పీల్చిన పది, పదిహేను సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. అది వచ్చి కూర్చునే చోట్లు అక్కడ ఉంటాయి, ఈ కుర్చీల్లాగా. రోజూ చుట్టాలొస్తుంటే మనం కుర్చీలు పెంచమూ? మెదడూ అంతే. మానేసిన రోజున అన్నీ ఖాళీ. చిరాకు, నిద్ర పట్టకపోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం, అంతా ఆ ఖాళీ కుర్చీల గోలే. కొన్ని వారాలకు పెరిగినవి తగ్గుతాయంటారు. తగ్గుతాయో లేదో నా మీదే చూద్దాం."

జేబులో చిన్న పుస్తకం పెట్టుకున్నాడు. తాగాలనిపించిన ప్రతిసారీ టైమూ, ఆ తపన పదికి ఎంత ఉందో రాసేవాడు. పిల్లలు వాటిని గ్రాఫుకి ఎక్కించేవారు. మొదటి మూడు వారాలు ఆ గ్రాఫు చూస్తే భయం వేసేది. తొమ్మిది, మూడు, పది, ఏడు. అక్క మీద కంచం విసిరికొట్టిన రోజున వరసగా నాలుగు పదులు. అయినా తాగలేదు. నాకు ఆయన మీద అంత గౌరవం అంతకు ముందెప్పుడూ కలగలేదు.

ఇరవై రెండో రోజు మధ్యాహ్నం జనరేటర్ గది వెనక సిగరెట్టుతో నాకు దొరికాడు. సిగరెట్టును వీపు వెనక్కి దాచుకున్నాడు.

"ఒక్కటేరా. ఒక్కటి లెక్కలోకి రాదు. అక్కకు చెప్పకు."

చుక్క చెరిపితే చేతులు విరుస్తానన్న మనిషి అన్న మాట ఇది! నేను చెప్పలేదు. పెద్దమనిషి పరువు పోతుందని జాలిపడ్డాను. ఆ జాలి తగలెయ్య, దానికి ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేదు. "ఎలా ఉన్నాడురా మీ బావ?" అని అక్క అడిగినప్పుడల్లా "పుస్తకం చూడు, బ్రహ్మాండంగా ఉన్నాడు" అంటూ వచ్చాను.

పుస్తకం నిజంగానే బ్రహ్మాండంగా ఉంది. ఆరు, ఐదు, ఐదు, నాలుగు, మూడు. ముప్పై ఆరో రోజున గ్రాఫును తెర మీద వేసి, దీన్నిబట్టి ఏం తెలుస్తోందని పిల్లల్ని అడిగాడు. ప్రొజెక్టరు మొరాయించిందని నన్ను పిలిచారు కాబట్టి నేనూ అక్కడే ఉన్నాను. వెనక బెంచీ అమ్మాయి లేచింది. ఆ పిల్లకు మాస్టారంటే ప్రాణం.

"సార్, మొదటి మూడు వారాల్లో టైములన్నీ దాదాపు సున్నాతోనో ఐదుతోనో ముగుస్తున్నాయి. పదీ నలభై, రెండూ పదిహేను, అలాగ. గడియారం చూసి గబగబా రాసుకునేవాళ్లు అలాగే రాస్తారని మీరే చెప్పారు. ఇరవై రెండో రోజు నుంచి ఒక్క సున్నా లేదు, ఒక్క ఐదు లేదు. పదీ ముప్పై ఏడు, రెండూ నలభై మూడు... కల్పించి రాసేవాళ్లు నిజంలా కనపడాలని ఇలా రాస్తారని కూడా మీరే..."

అంతవరకు గడగడా చెప్పి, ఏం చెప్పిందో అప్పుడు అర్థమై ఆగిపోయింది.

బావ బల్ల అంచు పట్టుకున్నాడు. "కరెక్టేనమ్మా. అప్పట్నుంచి అన్నీ నేను కూర్చుని అల్లినవే. రోజుకు పదిహేను తాగుతున్నాను. నీకు నూటికి నూరు." ఆ అమ్మాయి ఏడుస్తూ బయటికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే డాక్టరుకు నిజం చెప్పాం. మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టమన్నాడు. ఈసారి నిజంగానే మానేశాడు, నా కళ్లారా చూశాను. కానీ నలుపు అప్పటికే మడమ దాకా పాకింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది మా పని. పదకొండో రోజున జ్వరం పట్టుకుంది. మర్నాడు మోకాలి కింద నుంచి తీసేశారు.

తెలివి రాగానే బావ మొదటి మాట నాతోనే అన్నాడు.

"ఒరేయ్, కిందికెళ్లి ఒక్కటి పట్టుకురారా. పిచ్చెక్కిపోతోంది."

సిగ్గుపడలేదు, గొంతు తగ్గించలేదు. అడుక్కున్నాడు. నేను అక్క వైపు చూశాను. ఇన్నాళ్లూ ఆయన్ని పల్లెత్తు మాట అనని మనిషి ఆవిడ.

"తెచ్చిపెట్టరా" అంది. "ఇంకో కాలుందిగా."

బావ మొహం గోడవైపు తిప్పుకున్నాడు. అక్క మంచం మీద, దుప్పటి చదునుగా పరుచుకున్న చోట కూర్చుని ఏడ్చింది.