ఎత్తని చెయ్యి

నా చిన్నప్పుడు మా చోడవరంలో ఆడపిల్లలు బాస్కెట్‌బాల్ ఆడతారంటే కొందరు నవ్వేవారు, కొందరు ముక్కున వేలేసుకునేవారు, చూడ్డానికి మాత్రం అందరూ వచ్చేవారు. మా స్కూలు వెనక మేము కోర్టు అని గొప్పగా చెప్పుకునేది ఉత్త మట్టినేల. ఆట ఉన్న రోజు పొద్దున్నే బిందెలతో నీళ్ళు చల్లి, సున్నంతో గీతలు గీసేవాళ్ళం. రింగులు కమ్మరి చేసిచ్చినవి, వాటికి వలలుండేవి కావు. బంతి రింగులోంచి పడిందా, పక్కనుంచి జారిందా అని సగం ఆట తగువులోనే గడిచేది. ఆ నేల మీద నేను చేసిన పని ఒకటుంది. చేసిన పని అనకూడదేమో, చెయ్యాల్సి ఉండి చెయ్యని పని. ఇంతవరకూ మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మా జట్టుకి ప్రాణం పక్కింటి అక్క. నేను తొమ్మిదో తరగతి, ఆవిడ పది. ఇంటి దగ్గర ఓణీ వేసుకుని బుద్ధిగా కళ్ళాపి చల్లే మనిషి, కోర్టులోకి దిగిందంటే ఎవరికీ అందేది కాదు. నాకు బంతి పట్టుకోవడం నేర్పింది ఆవిడే. వాళ్ళ గోడకి సున్నపు మచ్చ పెట్టి, దాన్ని కొట్టే వరకూ నన్ను అన్నానికి పోనిచ్చేది కాదు. పెద్దయ్యాక డ్రిల్లు టీచరు అవాలని ఆవిడ కోరిక. వాళ్ళ నాన్నకి చక్కెర ఫ్యాక్టరీలో సీజను పని, మిగతా నెలలు ఖాళీ. కాలేజీ మాట ఆ ఇంట్లో ఎత్తేవారే కాదు. జిల్లా జట్టుకి ఎంపికైతే ఆటల కింద విశాఖపట్నం కాలేజీలో సీటూ, హాస్టలూ దొరుకుతాయని మా డ్రిల్లు టీచరుగారు చెప్పారు. ఆ ఒక్క మాట పట్టుకుని అక్క ఏడాదంతా పరుగెత్తింది.

అప్పట్లో ఆ ఆటకి ఒక పద్ధతి ఉండేది. ఎదుటి పిల్లని చేత్తో కొట్టినా, తోసినా ఫౌలు. రిఫరీ ఈల వేస్తే, తప్పు చేసినవాళ్ళు తమంతట తామే చెయ్యి పైకెత్తాలి, బల్ల దగ్గర కూర్చున్నాయన చూసి రాసుకోవడానికి. ఐదుసార్లు అలా రాయించుకుంటే ఆటలోంచి బయటికి పోవాలి. మా టీచరుగారికి ఈ చెయ్యెత్తడం మీద మహా పట్టింపు. "రిఫరీ చూసేడా లేదా అని దిక్కులు చూడకండర్రా. నీదైతే ఎత్తేయ్, అంతే" అనేవారు. మేం తలలూపేవాళ్ళం. తలూపడానికేం, గంగిరెద్దు కూడా ఊపుతుంది.

ఆ ఏడాది చుట్టుపక్కల స్కూళ్ళ పోటీలు మా స్కూల్లోనే పెట్టారు. చెరకు సీజను. ఫ్యాక్టరీకి పోయే బళ్ళు ప్రహరీ పక్కన వరసగా ఆగిపోయాయి, బళ్ళవాళ్ళు చెరకు మోపుల మీదికెక్కి నిలబడ్డారు. మా నాన్న కూడా పని మానుకుని వచ్చాడు. ఆఖరి ఆటలో ఎదుటి జట్టులో తాటిచెట్టంత పిల్ల ఒకర్తి ఉండేది. దాన్ని ఆపడం అక్క వంతు. మొదటి సగంలో మా జట్టు వేసిన బుట్టల్లో ముప్పాతిక అక్క వేసినవే. కానీ ఆ పొడుగు పిల్లతో పెనుగులాటలో నాలుగు ఫౌళ్ళు ఆవిడ పేరున పడిపోయాయి. జిల్లా జట్టుకి ఎంపిక చేసే పెద్దలిద్దరు విశాఖపట్నం బస్సు ఆలస్యమై, ఆట ఇంక పది నిమిషాలుందనగా వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. అక్క వేసిన బుట్ట ఒక్కటి కూడా వాళ్ళు చూడలేదు. అప్పటికి ఆవిడ ఐదో ఫౌలు పడుతుందన్న భయంతో చేతులు దగ్గరపెట్టుకుని ఆడుతోంది.

ఇంక రెండు నిమిషాలుంది. మేం ఒక్క పాయింటు ముందున్నాం. ఆ పొడుగు పిల్ల బంతి పట్టుకుని మా రింగు కింద ఎగిరింది. అక్కా, నేనూ ఇద్దరం ఎగిరాం. మూడు జతల చేతులు ఒకదాన్నొకటి దాటుకున్నాయి. నా అరచెయ్యి టపీమని ఆ పిల్ల మణికట్టు మీద పడింది. చురుక్కుమంది. ఈల మోగింది. రిఫరీ మా వెనకాల ఉన్నాడు, చెయ్యి ఎవరిదో ఆయనకి తెలియలేదు. మా ఇద్దరి వంకా చూస్తూ నిలబడ్డాడు.

నా పేరున అప్పటికి రెండే ఫౌళ్ళు. చెయ్యెత్తితే మూడు. నాకు పోయేదేమీ లేదు. ఇన్నేళ్ళు ఆలోచించినా ఇక్కడికొచ్చి ఆగిపోతాను, పోయేదేమీ లేదే అని. మరెందుకు ఎత్తలేదు? కోర్టు చుట్టూ కట్టిన తాడు అవతల మా నాన్న ఉన్నాడు. నన్ను మార్చేసి ఇంకో పిల్లని దింపుతారేమో అని ఒక భయం. ఇంకోటి కూడా ఉంది, చెప్పేస్తాను. అంతకుముందే చెరకు బండి మీంచి ఎవడో అక్కనీ, నన్నూ చూపించి "ఆట ఆ పెద్ద గుంటదే, సిన్న గుంట ఊరికే ఎనకాల పరుగెడతంది" అన్నాడు. అది నాకు కడుపులో మండుతూనే ఉంది. నా మొహం మండ, దొంగకి తేలు కుట్టినట్టు ఊరుకున్నాను. అక్క తన చేతి వంక ఒకసారి చూసుకుంది. అంత గజిబిజిలో తనదే తగిలిందనుకుంది పాపం. చెయ్యి పైకెత్తేసింది.

ఐదోది. బయటికి పోతూ నా పక్కన ఆగి, "ఒసే, ఆ పొడుగుదాన్ని ఒగ్గీకు, ఎంటే ఉండు. బంతొస్తే భయపడకుండా ఎయ్యి" అని నా జడ ఒకసారి లాగి వెళ్ళింది.

ఫౌలుకి బదులుగా ఇచ్చిన రెండు బంతులూ ఆ పొడుగు పిల్ల రింగులో వేసింది. మేం ఒక్క పాయింటు వెనకబడ్డాం. తరవాత ఏం జరిగిందో నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. బంతి ఆ చివరికీ ఈ చివరికీ పోతోంది, రాయి మీద పడి అడ్డదిడ్డంగా ఎగురుతోంది, బళ్ళ మీద జనం ఈలలు వేస్తున్నారు. బల్ల దగ్గరాయన గడియారం చూసి గంట కొట్టడానికి చెయ్యి లేపాడు. అప్పుడు బంతి నా చేతికొచ్చింది. అక్కడ అక్క ఉండుంటే అక్కకే ఇచ్చేదాన్ని. లేదు కదా, నేనే వేశాను. బంతి రింగు మీద రెండు చుట్లు తిరిగింది, ఒక్క క్షణం ఆగింది, లోపలికి జారింది. గంట మోగింది. గెలిచాం. అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చి నన్ను నడుం పట్టుకుని పైకెత్తింది అక్కే.

ఆ పెద్దలిద్దరూ నా పేరు రాసుకుని వెళ్ళారు. అక్క పేరు రాసుకోలేదు.

సాయంత్రం కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే డ్రిల్లు టీచరుగారు వచ్చి గట్టు మీద కూర్చున్నారు. తిట్టలేదు. "చెయ్యి నీదేనని నేను చూసేను" అన్నారు. నేను కుళాయి కట్టేశాను. "నువ్వే ఎత్తుతావని ఆగేను. ఎవరి చెయ్యి వాళ్ళే ఎత్తాలి, మధ్యలో నేను దూరకూడదనుకున్నాను. అలా అనుకోవడం నా తప్పు. ఆ పిల్ల బతుకు మీద మీకు పాఠం చెప్పకూడదు కదా." అప్పటివరకూ పెద్దవాళ్ళెవరూ నాతో తప్పు నాది అనగా నేను వినలేదు. అప్పటికే ఆవిడ ఆ పెద్దల వెంట బస్సు దాకా పోయి, అక్క పేరు కూడా రాయమని అడిగారట. మేం చూసిన ఆటని బట్టే రాశాం అన్నారట వాళ్ళు. "మీ అక్కా వాళ్ళింటికి వెళ్తన్నాను. నాతో వస్తావా?" అనడిగారు. కడుపులో నొప్పిగా ఉందన్నాను. ఆవిడ నా తల మీద చెయ్యి వేసి లేచి వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చి పెరట్లో గోడ పక్కన నక్కాను. అదే, నాకు బంతి నేర్పిన గోడ. అవతల టీచరుగారు అక్క నాన్నకి చెబుతున్నారు. నాలుగు ఫౌళ్ళు పడ్డాక మీ అమ్మాయిని కాసేపు కూర్చోబెట్టి, ఆ పెద్దలొచ్చాక దింపవలసింది, నాకు తోచలేదు, తప్పు నాదే, క్షమించండి అంటున్నారు. నా పేరు ఎత్తలేదు. అక్క నాన్న, "మాకంత రాతెక్కడిది టీచరమ్మా" అన్నాడు. అక్క ఏడుస్తోంది. ఆ ఏడుపు నాకు వినపడుతోంది. గోడ నా భుజం ఎత్తు కూడా లేదు. లేచి నిలబడి ఒక్క మాట చెబితే సరిపోయేది. చీకటి పడేవరకూ అక్కడే కూర్చుని, అమ్మ పిలిస్తే లోపలికి పోయి అన్నం తిన్నాను.

జిల్లా జట్టులో నాకొచ్చిన ఆ చోటు నాకూ పనికిరాలేదు. ఆడగుంటలకి అంత దూరం ప్రయాణాలేటని నాన్న పంపలేదు. అక్క పదితో చదువు ఆపేసింది. రెండేళ్ళకి మాడుగుల సంబంధం కుదిరి వెళ్ళిపోయింది. వాళ్ళాయన మంచివాడు, బస్సులు ఆగే చోట హల్వా కొట్టు. ఆవిడ కుమిలిపోతూ బతికిందని చెబితే అబద్ధమవుతుంది. నవ్వుతూనే బతికింది. డ్రిల్లు టీచరు మాత్రం అవలేదు. మా టీచరుగారు బదిలీ అయి వెళ్ళిపోయారు, ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఆవిడ నా తప్పు తన మీద వేసుకున్నప్పుడు, దాన్ని నేను ఏదో ఒక రోజు తిరిగి తీసుకుంటాననుకున్నారేమో. నేను తీసుకోలేదు.

మొన్నామధ్య అక్కని చూడ్డానికి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. కొట్లో అక్క మనవడు గాజు సీసా పగలగొట్టి, తప్పు తమ్ముడి మీదికి తోస్తున్నాడు. అక్క వాణ్ణి దగ్గరికి లాక్కుని కూర్చోబెట్టుకుంది. "ఒరే, ఇస్కూల్లో పెద్ద ఆటలో నా చెయ్యి తగిలీసింది. ఎవులూ సూడలేదు. నాకు తెల్సు కదా, ఎత్తీసి బయటికొచ్చీసేను. దానికి నా కాలేజీ పోయింది. పోతే పోయింది, ఎవులి ముందూ తల దించుకోనక్కర్లేకుండా బతికేను." అని నా వైపు తిరిగింది. "ఏటే, నువ్వూ ఉన్నావు కదా. సెప్పు ఈడికి."

"అవునురా, మీ మామ్మ చెప్పింది నిజమే" అన్నాను.

ఇప్పుడు చెబితే ఆవిడకి మిగిలిన ఆ ఒక్క గర్వం కూడా లాక్కున్నట్టవుతుందని నాకు నేను సర్దిచెప్పుకుంటాను. కావచ్చు. కాకపోతే పద్నాలుగేళ్ళప్పుడు కడుపునొప్పి అన్నదీ నేనే కాబట్టి, నా మాట నేనే నమ్మను. ఆ సంగతి చెప్పడానికి ఇప్పటికి మూడుసార్లు మాడుగుల వెళ్ళాను. మూడుసార్లూ అక్క కట్టిచ్చిన హల్వా పొట్లం ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కి వచ్చేశాను.