బయట తాళం, లోపల మనిషి

నా చిన్నప్పుడు, పత్తి ఇళ్ళకు చేరే చలికాలంలో, ఒక మంగళవారం పగలు రెండు గంటలకు, ఆదిలాబాద్‌లో మా ఇంటి వెనక కిరాయి అర్రల ముందు నిప్పు లేచింది. నాకప్పుడు గడియారం చూడరాదు. రెండయిందని జిన్నింగు మిల్లు కూతతో తెలిసింది. ఆ కూత వినబడినప్పుడు చివరి అర్రలో చదువుకునే పిల్లవాడొకడు ఉన్నాడు. అతని తలుపుకు బయట తాళం వేసి ఉంది. లోపల మనిషి ఉన్నాడని వాకిట్లో ఉన్న మాలో ఒక్కరికీ తెలియదు. ఇది వినడానికి బాగుండే సంగతి కాదు. హాస్టళ్ళలో ఉండే పిల్లలూ, వాళ్ళను అక్కడ దింపి వచ్చే పెద్దలూ చదవాలని రాస్తున్నాను. నాకు రాత వచ్చిందే నలభై దాటాక. అందుకని అందంగా రాయడం చేతకాదు, జరిగింది జరిగినట్టు రాస్తాను.

మా బాపుది పత్తి వ్యాపారం. ఇంటి వెనక వరుసగా నాలుగు అర్రలు కట్టించి, ఊళ్ళ నుంచి కాలేజీ చదువుకు వచ్చే పిల్లలకు కిరాయికిచ్చాడు. అప్పట్లో మా వైపు హాస్టలంటే ఇలాంటివే. దొంగల భయానికి కిటికీలకు లావుపాటి ఇనుప చువ్వలు పెట్టించాడు, తలుపులు టేకువి. పిల్లల్ని చేర్చడానికి వచ్చిన తండ్రులతో, "ఫికర్ చెయ్యకుండ్రి, నా ఇంట్లకు చీమ గూడ దూరది" అనేవాడు. ఆ మాట నిజమే. లోపలి నుంచి బయటికి రావడం ఎట్లా అని ఏ తండ్రీ అడగలేదు, మా బాపుకూ ఆ ఆలోచన రాలేదు. పత్తి వచ్చే కాలంలో గోదాములో పట్టగా మిగిలిందంతా ఆ అర్రల ముందు వరండాలోనే పోయించేవాడు. మనిషి పక్కకు తిరిగి నడిచేంత దారి మిగిలేది. కాలేజీ పిల్లలు పుస్తకాలు ఎత్తిపట్టుకుని, నవ్వుకుంటూ ఆ సందులోంచే పోయి వచ్చేవాళ్ళు.

ఆ పిల్లలకు వండిపెట్టేది మా మేనత్త. బాపుకు అక్క. పెళ్ళయిన ఏడాదికే భర్త పోతే మా ఇంటికి వచ్చేసింది. నోరు పెద్దది. మేమంతా ఆ పిల్లల్ని ఊరి పేరుతో పిలిచేవాళ్ళం. చివరి అర్రలో ఉండే ఇద్దరిలో ఒకడు బోథ్ పిల్లగాడు, ఇంకొకడు బెల్లంపల్లి పిల్లగాడు. మా మేనత్త ఒక్కతే అందర్నీ పేరు పెట్టి పిలిచేది, తిట్టినా పేరు పెట్టే తిట్టేది. పిల్లలు ఆమెను పెద్దమ్మా అనేవాళ్ళు.

బోథ్ పిల్లగాడు సన్నగా, ఎప్పుడూ పుస్తకం ముందేసుకుని ఉండేవాడు. రొట్టె తింటూ కూడా చదివేవాడు. మా మేనత్త పొయ్యి దగ్గర్నుంచి, "గంత చదివి ఏం జేస్తవ్‌రా, కలెక్టర్‌వైతవా?" అనేది. "అయితే నీకు వంటమనిషిని పెడ్త పెద్దమ్మా" అనేవాడు అతను. "పెడ్తవ్, పెడ్తవ్. నన్నే పెడ్తవ్. నీ నాలుకకు ఇంకెవరి రొట్టె పడ్తది?" అని ఆమె ఇంకో జొన్నరొట్టె కంచంలో పడేసేది. నాకు అతనంటే ఇష్టం. అరిగిపోయిన పెన్సిలు ముక్కలు నాకే ఇచ్చేవాడు. వాటితో గోడల మీద గీతలు గీసేదాన్ని.

పరీక్షలు దగ్గరపడ్డాయి. మిగతా అర్రల పిల్లలు వచ్చి కూర్చుంటారు, పేక పత్తాలు ఆడదాం రమ్మంటారు, కాదంటే ఏడిపిస్తారు. ఆ గోల తప్పించుకోవడానికి బోథ్ పిల్లగాడు, బెల్లంపల్లి పిల్లగాడు ఒక ఉపాయం చేసుకున్నారు. ఒకడు లోపల చదువుకుంటాడు. రెండోవాడు బయట తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని కాలేజీకి పోతాడు. తాళం చూసినవాడు ఎవరూ లేరనుకుని వెళ్ళిపోతాడు. గుమ్మం ముందు చెప్పులుంటే దొరికిపోతామని వాటినీ లోపలికి తీసుకునేవాడట. ఇదంతా మాకు తర్వాత తెలిసింది. ఇట్లా తాళం వేయించుకుని చదివే పిల్లలు ఇప్పటికీ ఉన్నారని నా మనవరాలు చెప్పింది.

ఆ మంగళవారం పొద్దున బోథ్ పిల్లగాడు మా మేనత్త దగ్గర రెండు రొట్టెలు, ఇంత పచ్చిమిరప తొక్కు గుడ్డలో కట్టించుకున్నాడు. కాలేజీ దగ్గరే. రోజూ పగలు పిల్లలంతా ఇంటికి వచ్చే తిని పోతారు. "పగటికి రావా?" అని ఆమె అడిగితే తల అడ్డంగా ఊపాడు. మధ్యాహ్నం మిగతావాళ్ళు వచ్చి తిని, మళ్ళీ తాళాలు వేసుకుని పోయారు. మా మేనత్త అంగడికి పోయింది.

నిప్పు ఎట్లా అంటుకుందో ఇప్పటికీ తెలియదు. బాపు దగ్గర పత్తి మోసే హమాలీలిద్దరి బీడీ అన్నారు కొందరు. పత్తి నిప్పు కట్టెల నిప్పులాగ ఎగిరి మండదు. కుప్ప లోపల్లోపలే ఎర్రగా పాకుతుంది, పైకి తెల్లటి పొగ ఒక్కటే కనబడుతుంది. ఆ పొగ గొంతులో దూది కుక్కినట్టు పడుతుంది. మేము చూసేసరికి వరండా కనబడటం లేదు. బాపు పరుగెత్తుకొచ్చాడు. నాలుగు తలుపులకూ తాళాలు ఉన్నాయని పొద్దున్నుంచీ అటూ ఇటూ తిరుగుతూ చూసినవాడే. "లోపలెవ్వరు లేరు, తాళాలున్నయి! పత్తి గుంజుండ్రి!" అని అరిచాడు. హమాలీలిద్దరూ పత్తిని మొదటి అర్ర వైపు నుంచి వాకిట్లోకి లాగడం మొదలుపెట్టారు. పక్కింట్లో ఉండే, మేము పిన్ని వరసగా ఖాలా అని పిలిచే ఆమె గోడ అవతలి నుంచి బకెట్లు అందిస్తూ, "అరే, ఏం జూస్తుండ్రు నిలబడి, పానీ పొయ్యుండ్రి!" అని అరుస్తోంది. మా అవ్వ, అంటే మా అమ్మ, బావి దగ్గర చేదతో నీళ్ళు తోడుతోంది. నేను చెంబుతో మోస్తున్నాను. అందరం పత్తినే చూస్తున్నాం. కాపాడాల్సింది పత్తినే అనుకున్నాం.

ఆ అరుపుల్లో లోపలి నుంచి తలుపు కొట్టిన చప్పుడు ఎవరికీ వినబడలేదు. కొట్టాడు. బాగా కొట్టాడు. తర్వాత అతని చేతులు చూసినప్పుడు తెలిసింది.

మా మేనత్త కూరగాయల సంచితో వాకిట్లోకి వచ్చింది. పత్తి ఎంత పోయిందని అడగలేదు. ఒక్కో పిల్లవాడి పేరు చెప్పి, వాడేడి, వాడేడి అని అడిగింది. కాలేజీకి పోయారని బాపు అంటూనే ఉన్నాడు. బోథ్ పిల్లగాని పేరు దగ్గర ఆమె ఆగిపోయింది.

"వాడు పోలే."

"తాళమున్నది గదనే అక్కా!"

"కాలేజికి పోయెటోడు రొట్టెలెందుకు కట్టించుకుంటడురా? పగటికి రానన్నడు. యాడికో పోయెటోడైతే అంగీ తొడుక్కోకపోవునా? పొద్దుగాల బనీను మీద్నే ఉండె. వాడు లోపల్నే ఉన్నడు!"

బాపు ఇంకా తాళం, తాళం అంటున్నాడు. "తాళానికేం ఎరుకరా లోపలెవరున్నరో!" అని ఆమె సంచి అక్కడే పడేసి, బకెట్ నీళ్ళు నెత్తిమీద కుమ్మరించుకుని, కొంగు ముక్కుకు చుట్టుకుని పొగలోకి పోయింది. హమాలీల్లో పెద్దవాడు గడ్డపార పట్టుకుని ఆమె వెనకే పోయాడు. తాళం పగల్లేదు. గొళ్ళేన్ని చెక్కతో సహా పెకిలించారు.

అతను గడప దగ్గరే ఉన్నాడు. తలుపు తెరవడానికి అతన్ని వెనక్కు నెట్టవలసి వచ్చింది. కుండలో నీళ్ళన్నీ ఒంటిమీద పోసుకున్నట్టున్నాడు, తడి తువ్వాల ముఖానికి చుట్టుకుని ఉంది. తెలివైన పిల్లవాడు, లోపల చేయగలిగిందంతా చేశాడు. ఒంటిమీద ఎక్కడా కాలలేదు, పొగ ఒక్కటే లోపలికి పోయింది. కిటికీ నుంచి బయటపడటానికి చువ్వలు అడ్డం. తలుపు నుంచి రావడానికి తాళం అడ్డం. నులక మంచం మీద వేసుకుని సర్కారు దవాఖానకు మోసుకుపోతుంటే మా మేనత్త పక్కనే నడుస్తూ పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. అతను పలకలేదు. దవాఖాన చేరేలోపే పోయాడు.

బెల్లంపల్లి పిల్లగాడు కాలేజీ నుంచి వచ్చేసరికి వాకిట్లో తడిసిన పత్తి, బూడిద. పెకిలిపోయిన తలుపు చూశాడు. జేబులోంచి తాళంచెవి తీసి, చేతిలో పట్టుకుని, అక్కడే నేల మీద కూర్చున్నాడు. సాయంత్రం పోలీసు జమేదారు వచ్చి, పోయిన పిల్లవాని పేరేంది, తండ్రి పేరేంది అని బాపును అడిగాడు. బాపు నోరు తెరిచి, బోథ్ అన్నాడు. ఆపైన ఆయనకు తెలియదు. "నీ ఇంట్ల పండెటోని పేరు నీకెరుకలేదా, సేటూ?" అన్నాడు జమేదారు. మా మేనత్త చెప్పింది, పిల్లవాని పేరు, తండ్రి పేరు, చెల్లెలి పేరు కూడా.

మర్నాడు తండ్రి వచ్చాడు. రుమాలు చుట్టుకున్న రైతు మనిషి. ఏడవలేదు. తలుపు చూశాడు, చువ్వలు పట్టుకుని ఊపి చూశాడు. చివరికి తాళం దగ్గర నిలబడి, "బయటికెల్లి ఎవలేసిండ్రు?" అని అడిగాడు. బెల్లంపల్లి పిల్లగాడు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. అందరి కళ్ళూ అతని మీదికి పోతున్నాయి. మా మేనత్త ముందుకు వచ్చి ఆ పిల్లవాడికి అడ్డంగా నిలబడింది.

"వాళ్ళు పిల్లలు, అన్నా. చదువుకునేటందుకు చేసుకున్నరు. పెద్దోళ్ళం మేమున్నం. పత్తి వాకిలికి అడ్డం పోసినం. తాళం జూసినం గని మనిషిని పిలిచి జూడలే. అడిగేది మమ్ముల అడుగు."

బాపు తల ఎత్తలేదు. ఆ తండ్రి కొడుకు పుస్తకాలు మూట కట్టుకుని పోయాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు ఆమె అట్లా నిలబడటమే కనబడుతుంది. ఆమె ఆ పిల్లవాణ్ణి కాపాడింది, కానీ పూర్తిగా కాదు. అతను చదువు మానేసి బొగ్గు గనిలో పనికి కుదిరాడని విన్నాం.

ఆ తర్వాత బాపు ఇంట్లో పత్తి పోయించలేదు. కిటికీ చువ్వలు కోయించి, లోపలి నుంచి తెరుచుకునే రెక్కలు పెట్టించాడు. లోపల మనిషి ఉండగా బయట తాళం పడకూడదని మా మేనత్త పిల్లలందరితో ఒట్టు వేయించుకుంది. నాకు ఒక పని అప్పజెప్పింది. రోజూ దీపాలు పెట్టే వేళకు నాలుగు అర్రల దగ్గరికీ పోయి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవాలి. "'ఉన్న' అన్నదాంక కదలకు. తలుపు జూసి రాకు, మనిషిని వినిరా" అనేది. పెళ్ళై పోయేదాకా ఆ పని నాదే. కొందరు పిల్లలు నవ్వేవాళ్ళు, కొందరు విసుక్కునేవాళ్ళు. అయినా పలికేవాళ్ళు.

మొన్న నా మనవరాలిని కరీంనగర్‌లో యూనివర్సిటీ దగ్గర హాస్టల్లో దింపడానికి పోయాను. మూడంతస్తులు. కింద చానల్ గేటు, దానికి పెద్ద తాళం. వెనక మెట్లు ఉన్నాయి గానీ కింద తలుపుకు లోపలి వైపున ఇంకో తాళం, ముందు విరిగిన మంచాలు. తాళంచెవులు వార్డెన్ దగ్గర. ఆమె ఉండేది పక్క వీధిలో. "ఆడపిల్లల సేఫ్టీ కోసమే అమ్మా" అని నెమ్మదిగానే చెప్పింది. మా బాపు మాటే మళ్ళీ విన్నట్టయింది.

"దొంగ రాడు బిడ్డా, ఒప్పుకున్న. నిప్పొస్తె గిందరు పిల్లలు ఎటు పోవాలె? నువ్వు నిద్రలేచి, చెవి తెచ్చేదాంక ఆగుతదా?"

"నానమ్మా, ఇజ్జత్ తియ్యకు. అందరు సూస్తుండ్రు" అని మనవరాలు నా కొంగు లాగింది.

"సూడనియ్యి" అని ఆ వెనక మెట్ల మీదే కూర్చున్నాను. మంచాలు తీసేదాకా లేవనన్నాను. చివరికి వాచ్‌మన్ సణుక్కుంటూ తీశాడు. ఆ తలుపు తాళంచెవి లోపలి వైపు మేకుకు తగిలించారు, పిల్లలందరికీ అందేట్టు. నేను పోయాక మళ్ళీ తీసేస్తారేమో చెప్పలేను. అందుకని ఆదివారం ఆదివారం ఫోనులో ముందు అదే అడుగుతాను, చెవి మేకుకు ఉందా అని.

ఇంకోటి అడిగాను. పక్క గదిలో పిల్ల పేరేంది? మనవరాలు తడుముకుంది. ఆమెను అందరూ గది నంబరుతోనే పిలుస్తారట. పోయి అడిగి రమ్మన్నాను. సిగ్గుపడుతూ పోయి, నవ్వుకుంటూ తిరిగి వచ్చింది. ఇప్పుడు వాళ్ళిద్దరూ కలిసి తింటున్నారు.

నేను ఇవాళ్టికీ ఇంట్లో పడుకునే ముందు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తాను. కోడలు పలుకుతుంది, కొడుకు గొణుగుతాడు. నా మేనత్త నాకిచ్చింది అదే. అక్షరాలు వచ్చాయి కాబట్టి ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళను కూడా రాసి పెడుతున్నాను. మా బాపు, మా అవ్వ, మా మేనత్త. పత్తి లాగిన హమాలీలు ఇద్దరు, అన్నదమ్ములు. పక్కింటి ఖాలా. సాయంత్రం వచ్చిన జమేదారు. తాళంచెవి చేతిలో పట్టుకుని కూర్చున్న బెల్లంపల్లి పిల్లగాడు. చెంబు పట్టుకున్న నేను. చివరి అర్ర లోపల, బోథ్ గంగారాం కొడుకు భూమన్న.