సోమవారం ఏడుంబావుకి, పార్మా నుంచి వెరా

ప్రతి సోమవారం పొద్దున్న వెరా హుడాక్ చెప్పే ప్రతి మాటనూ నేను రెండుసార్లు వినేదాన్ని. మొదట మా వంటింటి నేల కింద నుంచి, ఏడు సెకన్ల తర్వాత రేడియోలోంచి. ఫోన్ చేసినవాళ్ళు నోరు జారితే కత్తిరించడానికి రేడియో వాళ్ళు పెట్టుకున్న ఆలస్యం అది. వెరా విషయంలో ఆ ఏడు సెకన్లూ చాలాసార్లు పనికొచ్చాయి.

క్లీవ్‌లాండ్‌ను ఆనుకుని ఉన్న పార్మాలో మాది రెండు వాటాల ఇల్లు. కింద ఆమె, పైన మేము. అప్పటికి మా టెస్‌కి తొమ్మిది నెలలు. ఎత్తుకుర్చీలో కూర్చుని ముందు నేల వైపు, తర్వాత రేడియో వైపు చూసేది. ఒకే మనిషి రెండు చోట్ల ఎలా ఉంటుందా అన్నట్టు.

వెరాను నేను చిన్నప్పటి నుంచీ టేటా అనే పిలిచాను. స్లొవాక్ ఇళ్ళల్లో అత్తలకీ పిన్నులకీ అందరికీ అదే పిలుపు. ఆమె బోల్టుల ఫ్యాక్టరీలో తనిఖీ బల్ల దగ్గర ముప్పై ఒక్క ఏళ్ళు నిలబడి పనిచేసింది. మరచుట్లు సరిగ్గా లేని బోల్టును ఏరి పక్కన పారేయడమే ఆమె ఉద్యోగం. అందుకే కాబోలు, ఏ ఆట చూసినా ఆమె కంటికి ముందు లోపమే ఆనేది. భర్త ఎమిల్ పోయి పన్నెండేళ్ళు. పిల్లలు లేరు. ఉన్నవి సిగరెట్లు, రేడియో, అందులో క్రీడల కబుర్లు నడిపే డ్యూయీ, బేస్‌బాల్ మీదా చేత్తో ఆడే మా అమెరికా ఫుట్‌బాల్ మీదా అభిప్రాయాలు.

"లైన్లో పార్మా నుంచి వెరా. చెప్పండి మహారాణీ, నిన్నటి ఫుట్‌బాల్ చూశారా?" అనేవాడు డ్యూయీ.

"చూశాను. శవం ఇంటికి వెళ్ళొచ్చినట్టు చూసొచ్చాను."

"గెలిచింది అవతలివాళ్ళు కదా, వాళ్ళనైనా మెచ్చుకోండి."

"దేనికి? ఆఖరి రెండు నిమిషాలూ బంతి పొట్టకి అదుముకుని మోకాలి మీద కూర్చున్నందుకా? గడియారం తిరుగుతూ ఉంటుంది, వీడు దాన్నే చూస్తూ ఉంటాడు, ఆట అయిపోయిందంటారు. బేస్‌బాల్‌లో కుదురుతుందా చెప్పు. పది పరుగులు ముందున్నా సరే, ఆఖరివాణ్ణి అవుట్ చెయ్యాలంటే వాడికి బంతి వెయ్యాలి. వాడి చేతిలో బ్యాట్ ఉంటుంది. మర్యాదంటే అదీ."

"ఇప్పుడు బేస్‌బాల్‌కీ గడియారం పెట్టారుగా?"

కింద కాఫీ కప్పు బల్లకి కొట్టిన చప్పుడు. ఏడు సెకన్లకి రేడియోలో అదే చప్పుడు.

"పెట్టినవాణ్ణి ఒక్కసారి మా వీధికి పంపించు."

ఆమె మాటల్లో సగం నాకు అర్థమయ్యేవి కావు. ఆట నాకు తెలియదు. నాది ఆసుపత్రి ప్రయోగశాలలో పని. రోగి నుంచి కోసిన ముక్కని ఉల్లిపొర కంటే పల్చగా తరిగి, రంగు వేసి, గాజుపలక మీద పరచి డాక్టర్లకి పంపుతాను. ఇంటికొచ్చాక పిల్ల ఊపిరి లెక్కపెట్టుకుంటాను. జబ్బు ఎలా మొదలవుతుందో రోజంతా చూసేవాళ్ళకి ఇంట్లో ధైర్యం ఉండదు.

జూన్‌లో ఆమె గొంతు బొంగురుపోయింది.

"ఏంటి మహారాణీ, కంకర మింగారా?" అన్నాడు డ్యూయీ.

"నిన్న ఆట తొమ్మిది ఇన్నింగ్స్‌లో తేలక పదమూడు దాకా పోయింది, అన్నిటికీ అరిచాను నాయనా."

ఆమె అరవలేదు. ముందు రోజు కింది నుంచి నాకు చప్పుడే రాలేదు. తర్వాతి సోమవారం కూడా అదే గొంతు, ఆ తర్వాతా అదే. నేను ఆరువారాలు వెంటపడితే ఆగస్టులో డాక్టర్ దగ్గరికి వెళ్ళింది. స్వరపేటికలో పుండు. మంచిది కాదు. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి, ఇంకా బయటికి పాకలేదు, ఇప్పుడు తీస్తే బతికే అవకాశం బాగా ఉంది అన్నాడు డాక్టర్ ప్రైస్. సెప్టెంబరు పన్నెండుకి తారీఖు కూడా ఇచ్చాడు.

ఆ కాగితం పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. నా బల్ల మీద పెట్టి, టెస్ చేతికి ఒక బిస్కెట్ ఇచ్చింది.

"తారీఖు మార్చమన్నాను పిల్లా. అక్టోబరుకి."

"ఎందుకు?"

"లీగు ఎవరిదో తేలే పెన్నెంట్ రేసు మధ్యలో గొంతు తీయించుకుంటారా ఎవరైనా? ఎంతలే, మనవాళ్ళు ఎలాగూ సెప్టెంబరు ఆఖరుకి చేతులెత్తేస్తారు. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నా. వాళ్ళు కప్పు గెలిచిన ఏడు నేను మా అమ్మ కడుపులో కూడా లేను. వాళ్ళు ఓడగానే వెళ్ళి బల్లమీద పడుకుంటా."

"డాక్టరేమన్నాడు?"

"వాడిది పిట్స్‌బర్గ్, మన శత్రువుల ఊరు. ఏమంటే ఏం?"

"ఈ కణాలు సీజన్ చూసుకుని పెరగవు టేటా. రెండు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిదవుతాయి."

"అయితే మనవాళ్ళకంటే నయం. వరసగా గెలుస్తున్నాయి."

నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. గట్టిగా అరిచి, పన్నెండో తారీఖుకే నా కారులో ఎక్కించుకుని వెళ్ళాల్సింది. ఆ పూట టెస్‌కి జ్వరంగా ఉన్నట్టనిపించి నా ధ్యాసంతా థర్మామీటర్ మీద ఉంది. జ్వరం లేదు. రెండుసార్లు చూశాను.

తమ జట్టు తప్పకుండా ఓడుతుందన్న నమ్మకం మీద ప్రాణం పెట్టేవాళ్ళు మా ఊళ్ళోనే ఉంటారు. పందెం చెడ్డదని అనలేం. డెబ్బై నాలుగేళ్ళ అనుభవం ఆమె వైపే ఉంది. కానీ ఆ ఏడాది సెప్టెంబరులో మావాళ్ళు ఓడలేదు.

సెప్టెంబరు ఆఖరుకి క్లీవ్‌లాండ్ బేస్‌బాల్ జట్టు అందరికంటే పైనుంది. ఆసుపత్రిలో నర్సులు జట్టు టోపీలు పెట్టుకుని తిరిగారు. గ్రంథాలయం కిటికీలకి ఎర్ర కాగితాలంటించారు. చర్చి నేలమాళిగలో పియరోగీ కుడుములు వత్తే ముసలమ్మలు పిండి చేతులతోనే రేడియో గొంతు పెంచుకున్నారు. ఊరంతా గెలవాలని మొక్కుకుంటోంది. నేను మాత్రం ఓడిపోవాలని మొక్కుకున్నాను. మా అమ్మమ్మ బతికుంటే నన్ను గుమ్మం తొక్కనిచ్చేది కాదు.

అక్టోబరులో కప్పు పోటీల మొదటి రౌండు ఆఖరిదైన అయిదో ఆట దాకా సాగింది. అదీ గెలిచారు. సోమవారం వెరా గొంతు కాగితం చింపుతున్నట్టుంది. డ్యూయీ జోకులు మానేశాడు.

"మహారాణీ, డాక్టరుకి చూపించుకున్నారా?"

"చూపించుకున్నాను. నువ్వు ఆట సంగతి మాట్లాడు. ఆ ఎడమచేతి పిల్లాడి చేత వరసగా మూడ్రోజులు బంతులు వేయిస్తున్నారు. వాడి భుజం పోతే ఎవడిస్తాడు?"

డాక్టర్ ఆఫీసు నుంచి ఫోను మోగేది. మోగి మోగి ఆగిపోయేది. అదీ నేల గుండా వినపడేది. ఒక మధ్యాహ్నం క్యాబేజీ నూడుల్స్ గిన్నె పట్టుకుని కిందికి వెళ్ళాను. ఇంట్లో వెచ్చగా ఉన్నా మెడకి కండువా చుట్టుకుని ఉంది.

"అదేంటి?"

"కండువా."

"దాని కింద?"

నూడుల్స్‌ని ఫోర్కుతో కదిపింది. తినలేదు. "రేపు ఓడితే ఎల్లుండి వెళ్తా."

"గెలిస్తే?"

"గెలిస్తే గెలిచినట్టే కదా పిల్లా," అంది, ఏదో చిన్నపిల్లకి చెప్పినట్టు.

గెలిచారు. ఆఖర్లో, మూడింట్లో రెండు అవుట్లయ్యాక, ఒకే ఒక్క దెబ్బతో. వీధిలో కారు హారన్లు మోగాయి. పక్కింటివాళ్ళు వసారాలోకొచ్చి గిన్నెలు కొట్టారు. కింద వెరా అరిచింది. టైరులోంచి గాలిపోయినట్టు వినపడింది. నేను టెస్‌ని ఎత్తుకుని వంటింట్లో కదలకుండా నిలబడ్డాను.

అక్టోబరు మూడో వారంలో, పదో ఇన్నింగ్స్‌లో న్యూయార్క్ చేతిలో మావాళ్ళు ఓడిపోయారు. సోమవారం ఆమె మామూలు వేళకే ఫోన్ చేసింది.

"డ్యూయీ, కొన్నాళ్ళు నేను రాను."

"ఎక్కడికి మహారాణీ?"

"గొంతు రిపేరుకిస్తున్నా. కొత్తది నచ్చకపోతే పాతదే వెనక్కి తెచ్చుకుంటా."

ఏడు సెకన్ల తర్వాత మళ్ళీ విన్నాను. రేడియోలో ఆమె గొంతు వినడం అదే ఆఖరు.

మంగళవారం నేనే కారులో తీసుకెళ్ళాను. మెడకి రెండు వైపులా గ్రంథులకి పాకింది. ఊపిరితిత్తుల్లో మచ్చలున్నాయి. ఆపరేషను చెయ్యకపోతే ఊపిరాడదు కాబట్టి చేద్దామన్నాడు ప్రైస్. బతికే అవకాశం గురించి ఆగస్టులో అన్న మాట ఈసారి అనలేదు. స్కాన్ ఫోటోలు తిప్పుతున్నప్పుడు అతను నా వైపు చూడలేదు. ప్రయోగశాలవాళ్ళతో డాక్టర్లు అలాగే ఉంటారు. చెప్పనక్కర్లేదని వాళ్ళకి తెలుసు.

నవంబరులో ఇంటికొచ్చింది. మెడలో ఒక రంధ్రం, పక్కన కఫం తీసే యంత్రం. గడ్డం కింద పెట్టుకుని మాట్లాడే పరికరం ఇచ్చారు. ఒక్కసారి వాడి చూసి సొరుగులో పడేసింది. పలక మీద రాసింది: "నేను మైక్రోవేవ్‌లా మాట్లాడను."

ఫుట్‌బాల్ నడుస్తోంది. వారం వారం ఓడుతున్నారు. ఆమె అభిప్రాయాలు కాగితం మీద రాసేది. సోమవారం ఆమె వంటింట్లో కూర్చుని నేను డ్యూయీకి చదివి వినిపించేదాన్ని. తప్పు చదివితే చెంచాతో బల్ల మీద కొట్టేది.

"వెరా అంటోందీ, పైకప్పు వేసిన మైదానంలో ఫుట్‌బాల్ ఆడటమంటే గొడుగు వేసుకుని స్నానం చెయ్యడమట. ఇంకా... మూడో ప్రయత్నంలో రెండు గజాలే మిగిలుంటే, పరిగెత్తించకుండా బంతి విసిరించేవాడు కోచ్ కాదు, కుక్... " చెంచా మోగింది. "కుక్క. కుక్కట."

"ఆ చప్పుడు మహారాణిదేనా?" అన్నాడు డ్యూయీ. చెంచా మళ్ళీ మోగింది. "ఏడు సెకన్లలో ఆ కుక్కని తీసేస్తున్నాను మేడమ్. మీరు బాగా తినండి."

తినడానికేం లేదు. పొట్టలోకి గొట్టం. జనవరికి కాగితాల మీద అక్షరాలు పెద్దవయ్యాయి. ఫిబ్రవరికి మాటలు తగ్గాయి. మార్చి మొదటి వారంలో, బేస్‌బాల్ మొదలవడానికి మూడు వారాల ముందు, ఆమె పోయింది. నేను పనిలో ఉన్నాను. నర్సు ఫోన్ చేసింది.

అంతకు పది రోజుల ముందు అడిగేశాను. అడగకూడదని తెలుసు. టెస్ నా ఒళ్ళో నిద్రపోతోంది.

"సెప్టెంబరులోనే వెళ్ళి ఉంటే బాగుండేదని ఎప్పుడైనా అనిపిస్తుందా టేటా?"

కాగితం కోసం చెయ్యి చాపింది. చాలాసేపు రాసింది. మధ్యలో ఆగి యంత్రంతో కఫం తీయించుకుంది. మళ్ళీ రాసింది. అందులో నాకు జవాబు ఉంటుందనుకుని కాగితం అందుకున్నాను.

"పదో ఇన్నింగ్స్‌లో బంతి వేసేవాణ్ణి మార్చాల్సింది. వాడి చెయ్యి అలిసిపోయిందని నాకే తెలుస్తోంది. రేడియోలో వింటున్న నాకే. మేనేజరు కళ్ళతో చూస్తూ ఎలా వదిలేశాడు?"

కింద కొంచెం ఖాళీ వదిలి, చిన్న అక్షరాలతో ఇంకో నాలుగు వాక్యాలు ఉన్నాయి.

"మనవాళ్ళు గెలిచినప్పుడల్లా వీధంతా అరిచేది. పై వాటాలో మాత్రం చప్పుడుండేది కాదు. వాళ్ళు ఓడాలని కోరుకున్నదానివి ఈ ఊరు మొత్తానికి నువ్వొక్కదానివే. డ్యూయీకి చెప్పలేదులే."