బంగార్రాజు ప్రార్థన, అచ్చాయమ్మ క్యారేజీ

సంఘపెద్ద బంగార్రాజు ప్రార్థన మొదలుపెడితే పదకొండు నిమిషాలు. ఊళ్లో రోగులు, పొలాల్లో నీళ్లు, పరీక్షలు రాసే పిల్లలు అయ్యాక రాజమండ్రి మీదుగా ఢిల్లీ వెళ్లి, అక్కణ్నుంచి ఇశ్రాయేలు దేశం చుట్టి, తిరిగి కోనసీమ చేరాక ఆమేన్ అనేవాడు. గోదావరి గట్టు కింద ఉన్న ఆ చిన్న చర్చిలో ఆ పదకొండు నిమిషాల్నీ మనస్ఫూర్తిగా కోరుకునే మనిషి ఒక్కతే. ఆమె అచ్చాయమ్మ.

అచ్చాయమ్మకు అరవై దాటాయి. భర్త పోయాక కొబ్బరి పీచుతో తాళ్లు పేని బతుకుతోంది. ఆదివారం తలుపు పక్కన, చాప చివర కూర్చునేది. బంగార్రాజు "పరిశుద్ధుడవైన తండ్రీ" అనగానే అందరి కళ్లూ మూతపడేవి, ఆమె లేచేది. చర్చి వెనక బోదె కాలువ దాటితే ఆమె ఇల్లు. అన్నం, బొమ్మిడాయిల పులుసు సర్దిన క్యారేజీ తెచ్చి, చర్చిని ఆనుకుని ఉన్న పాస్టరుగారి గది కిటికీ గట్టు మీద పెట్టి, బంగార్రాజు ఇశ్రాయేలు నుంచి తిరిగొచ్చేసరికి మళ్లీ చాప మీద ఉండేది.

పాస్టరు లాజరుకు పెళ్లి కాలేదు, వంట రాదు. ఇక్కడ ఆరాధన అయిపోగానే సైకిలు మీద రేవుకు పోయి, మధ్యాహ్నం రెండింటి పడవలో అవతలి లంకకు వెళ్లి అక్కడా వాక్యం చెప్పాలి. మధ్యలో దొరికే అరగంటలో ఆ క్యారేజీయే ఆయనకు దిక్కు. ఎవరు పెడుతున్నారో ఏడాదిన్నరగా తెలీదు. కడిగి మళ్లీ కిటికీలో పెడితే మర్నాటికి మాయమయ్యేది.

పేరు చెప్పుకుంటే ఏమవుతుందో అచ్చాయమ్మకు అనుభవమే. మూడేళ్ల కిందట చర్చికి గోడ గడియారం ఇచ్చింది. అప్పటి పాస్టరు దాని అద్దం మీద ఆమె పేరు రాయించాడు. అది మొదలు ప్రసంగం సాగినా, ముల్లు ఆగినా జనం ఆమె వైపే చూసేవారు. "ఏంటి అచ్చాయమ్మా, మీ గడియారం నిద్రపోతోంది?" అని రేవులో కూడా అడిగేవారు. కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు ఊరికే అనలేదనుకుంది.

1998 వేసవిలో లాజరు ఒక సంస్కరణ తెచ్చాడు.

"ఇకనుంచి ప్రార్థన మూడు నిమిషాలు చాలండి, బంగార్రాజుగారూ. పిల్లలు నిద్రపోతున్నారు."

అచ్చాయమ్మ ఇచ్చిన గడియారాన్నే చూపించి మరీ చెప్పాడు. సంఘమంతా సంతోషించింది. అచ్చాయమ్మ మాత్రం లెక్క వేసుకుంది. ఆమె మోకాళ్లకు బోదె దాటడానికే మూడు నిమిషాలు కావాలి.

ఆ ఆదివారం కిటికీ ఖాళీ. లాజరు చెంబుడు నీళ్లు తాగి సైకిలెక్కాడు. అది చూసిన అచ్చాయమ్మకు ఆ పూట ముద్ద దిగలేదు.

శనివారం బంగార్రాజు ఇంటికి వెళ్లింది. "పెద్దగారూ, సామర్లకోటలో మా మేనకోడలికి నెలలు నిండాయండి. మా తమ్ముడికి నడుంనొప్పి. ఎదురింటోళ్ల గేదె మేత ముట్టట్లేదు. పోలవరం అవతల మన్యంలో సువార్తకి తిరిగేవోళ్లున్నారు. అందరి కోసం కాస్త నిదానంగా ప్రార్థన చెయ్యండి."

"ఇంకా ఎవరైనా ఉంటే చెప్పమ్మా. మూడు నిమిషాల్లో అందర్నీ సర్దేస్తాను," అన్నాడు బంగార్రాజు. ఆయనకూ పట్టుదల వచ్చేసింది.

అన్నట్టే, బస్సు కండక్టరు స్టాపులు చదివినట్టు మేనకోడలిని, తమ్ముణ్ని, గేదెను, మన్యాన్ని వరసగా దించేసి, పది సెకన్లు మిగిల్చి ఆమేన్ అన్నాడు. అచ్చాయమ్మ బోదె గట్టు దగ్గర్నుంచే వెనక్కి వచ్చేసింది.

మూడో వారం అందరికంటే ముందొచ్చి, దుమ్ము తుడిచే వంకతో గడియారంలోంచి సెల్లు తీసేసింది. లాజరు చేతికి వాచీ ఉందన్న సంగతి ఆమెకు అప్పుడు తట్టలేదు.

ఆ రోజు ఆరాధన అయ్యాక చాపలు చుడుతుంటే, లాజరు బంగార్రాజు భార్య మాణిక్యాంబను అడగడం వినిపించింది.

"అమ్మా, మూడు వారాలుగా క్యారేజీ రావట్లేదు. పెట్టేవారికి ఒంట్లో బాగోలేదేమో. వెళ్లి పలకరిద్దామంటే ఎవరో తెలీదు. మీరెప్పుడైనా చూశారా?"

అచ్చాయమ్మ చేతిలో చాప జారి మళ్లీ పరుచుకుంది.

"ఎలా చూస్తామండి అయ్యగారూ? ఆయన ప్రార్థన చేస్తుంటే కళ్లు మూసుకుంటాం కదా," అంది మాణిక్యాంబ, అచ్చాయమ్మ వైపు చూడకుండా. "కాకపోతే, మీరు ప్రార్థన కత్తిరించిన వారమే అదీ ఆగింది. దేవుడికి మా ఆయన ప్రార్థన నచ్చుతుందేమోనండి. ఇంట్లో మాకెవరికీ నచ్చదు."

లాజరు ఆగిపోయిన గడియారం వైపూ, దాని మీది పేరు వైపూ కాసేపు చూశాడు.

"అచ్చాయమ్మగారూ, సెల్లు ఎక్కడో పడినట్టుంది. దొరికితే పెట్టేయండి," అన్నాడు. "పెట్టకపోయినా నష్టం లేదు."

తర్వాతి ఆదివారం బంగార్రాజు లేవగానే, "ఎప్పట్లాగే కానివ్వండి పెద్దగారూ, తొందరేం లేదు," అని అందరికంటే ముందు తానే కళ్లు మూసుకున్నాడు.

మూడు వారాలు ఉగ్గబట్టుకున్న బంగార్రాజు ఇశ్రాయేలుతో ఆగలేదు, ఆఫ్రికాకు బయల్దేరాడు. అచ్చాయమ్మ తీరిగ్గా బోదె దాటింది, పులుసు ఇంకోసారి వేడిచేసింది. కిటికీలో పెడుతుంటే క్యారేజీ పైమూత ఊడి, ఊచకు తగిలి ఖంగుమంది.

ఆమె బిగుసుకుపోయింది. లోపల బంగార్రాజు ఆఫ్రికాలో ఆగాడు. మరుక్షణం చర్చిలో ఉన్న వందమందీ కళ్లు తెరవకుండా, మునుపెన్నడూ లేనంత గట్టిగా, ఒక్క గొంతుతో "స్తోత్రం" అన్నారు.

ఆ గోలలో మూత చప్పుడు ఎవరికీ వినబడలేదు కదా అని అచ్చాయమ్మ ఊపిరి పీల్చుకుంది. తిరిగొచ్చి, చాప చివర కూర్చుని, చెంగు తల మీదకి లాక్కుని కళ్లు మూసుకుంది.