కమీలియా కింద మినోరు

ఇవాకిచికి మనుషుల కన్నా మట్టి మీద నమ్మకం ఎక్కువ. జపాను నుంచి వచ్చి పాసడీనాలో ఏళ్ల తరబడి దొరల తోటలు చూసినవాడికి ఆ మాత్రం గుడ్డి నమ్మకం ఉంటుంది మరి.

జపానుతో యుద్ధం రాగానే అక్కడున్న జపాను వాళ్లంతా ఇళ్లు వదిలి, మోయగలిగిన సామానుతో శిబిరాలకు పోవాలని ఉత్తర్వు వచ్చింది. ఇంట్లో బుద్ధుడి పీఠం మీద చిన్న పెట్టె ఉంది. పసితనంలోనే జ్వరంతో పోయిన కొడుకు మినోరు అస్థికలు అందులో ఉన్నాయి. ఎప్పటికైనా సొంతూరు తీసుకెళ్లి తాతల సమాధిలో కలపాలని భార్య తొకుయే దాన్ని కంటికి రెప్పలా కాపాడుతోంది.

"ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్తానండీ. బరువేముంది?" అందామె.

"గేటు దగ్గర సిపాయిలు మూత తీసి కుమ్మరిస్తే? నేను పనిచేసే దొరసాని తోటలో కమీలియా చెట్టు కింద దాస్తాను. అక్కడ నేను తప్ప పార వేసేదెవడే?"

నిజమే, అతను ఉన్నంతకాలం ఎవడూ వేయడు. ఆ చిన్న ముక్కే బుర్రకు తట్టలేదు. పెట్టెను చేతులారా పాతి, పైన ఎండుటాకులు కప్పి వచ్చాడు.

శిబిరంలో ఇసుక గాలి లేచినప్పుడల్లా తొకుయే, "వాడన్నా చెట్టు నీడన చల్లగా ఉన్నాడు" అనేది. మొగుణ్ణి తిట్టిన నోటితోనే మెచ్చుకునేది.

యుద్ధం ముగిశాక ఇద్దరూ రైలు దిగి మూటలతో నేరుగా దొరసాని ఇంటికే వెళ్లారు. పెరట్లో కమీలియా లేదు. ఆ చోట ఈతకొలను ఉంది.

"వచ్చావా ఇవా! నువ్వు లేక తోటంతా అడవైపోయింది, తవ్వించేశాం. బాగుంది కదూ?" అంది దొరసాని సంబరంగా.

"తవ్విన మట్టి ఏం చేశారమ్మా?"

"లారీల్లో ఎక్కడికో పోయింది. మట్టేగా!"

ఏం పోయిందో ఆమెకు తెలియదు. శనివారాలు వచ్చి కొలనులో పడ్డ ఆకులు తీస్తావా అని ఆమె అడిగితే ఇవాకిచి తలూపాడు.

శనివారం తొకుయే కూడా వెంట వచ్చింది. అతను పొడుగు కర్ర వలతో ఆకులు తీస్తుంటే గట్టున కూర్చుని నీళ్లలోకే చూస్తూ ఉండిపోయింది. ఇప్పుడు తిడుతుంది, ఇప్పుడు తిడుతుంది అని ఎదురుచూశాడు. తిట్టినా బాగుండేది.

"ఏవండీ," అంది చివరికి. "మనవాడికి ఈత రాదు కదండీ."

ఆకులన్నీ అయిపోయినా ఇవాకిచి వల తిప్పుతూనే ఉన్నాడు.